పిల్లల సిరలో రక్తం గడ్డ: వార్డు నుంచి ఇంటిదాకా వైద్యం ఎలా నడపాలి

పిల్లాడి కాలు ఒక్కటే వాచిందంటే మన ఇళ్లలో ముందు బెణుకే అనుకుంటాం. నువ్వులనూనె రాసి మర్దనా, ఉప్పుమూటతో కాపడం మొదలవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే బోదకాలేమో చూపించమంటారు, మన తీరంలో కాలు వాపంటే ముందు గుర్తొచ్చేది అదే మరి. బెణుకు వాపు కీలు చుట్టూ ఉండి నాలుగు రోజుల్లో తీస్తుంది. బోదకాలు నెలలు, ఏళ్లు తీసుకుంటుంది. అలా కాకుండా ఒకటి రెండు రోజుల్లోనే తొడో పిక్కో బిగుసుకుపోయి, వేడిగా, నొప్పిగా ఉండి, చర్మం ఎర్రగానో నీలంగానో మారి, రెండో కాలు మామూలుగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని అనుమానించాలి. అప్పుడు మర్దనా మాత్రం వద్దు. కొత్తగా కట్టిన గడ్డ సిర గోడకు గట్టిగా అతుక్కుని ఉండదు. పిసికితే ముక్క ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు.

పిల్లల్లో ఈ జబ్బు ఊరికే రావడం అరుదు. తరచి అడిగితే వెనక ఏదో ఒకటి దొరుకుతుంది. అన్నిటికన్నా పెద్ద కారణం మెడలోనో గజ్జలోనో భుజం కిందో పెట్టిన సెంట్రల్ లైన్, అంటే మందులు ఎక్కించడానికి పెద్ద సిరలోకి దింపే గొట్టం. నెలల పిల్లల్లో దాదాపు ఎప్పుడూ అదే. ఆ తర్వాత లుకీమియా (రక్త క్యాన్సర్) వైద్యంలో ఇచ్చే ఆస్పరాజినేజ్ మందు, మూత్రంలో ప్రొటీన్ పోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్, ఎముకలో చీము పట్టడం, గుండెలో పుట్టుకతో వచ్చిన లోపాలు, పెద్ద ఆపరేషన్, వాంతులు విరేచనాలతో నీరు బాగా తగ్గిపోవడం. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే పిల్లలైతే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉందో లేదో తప్పకుండా చెప్పండి, ఆ జబ్బులో గడ్డలు ఎక్కువ. చేతిలో లైన్ ఉన్న పిల్లకి చేయి, మెడ, ముఖం వాచినా, లైన్‌లోంచి రక్తం వెనక్కి రావడం మానేసినా అదే అనుమానం. ఒకటికి మించి కారణాలు కలిసినప్పుడే ఎక్కువగా గడ్డ కడుతుంది కాబట్టి, ఒకటి దొరకగానే వెతకడం ఆపకండి.

మొదటి రోజు

ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో పొడుపు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి, ఆటోలో బయల్దేరకండి. దారిలో ఆక్సిజన్ అవసరం పడవచ్చు. పాడేరు ఘాట్ దిగి రావాల్సినవాళ్లు ముందు దగ్గరి ఆసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి రిఫరల్ చీటీతో విశాఖ కేజీహెచ్‌కో పిల్లల ఐసీయూ ఉన్న మరో ఆసుపత్రికో రావడం మేలు. ఊపిరి బాగానే ఉన్నా కాలు తెల్లబడి చల్లబడినా, నల్లగా కమిలినా అది కూడా గంటల లెక్కే. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ లాంటి మందు అలాంటి కేసులకే, అదీ ఐసీయూలోనే. మామూలు గడ్డకు దాని అవసరం లేదు, రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. "కరిగించే ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వట్లేదు" అని డాక్టరుతో పట్టుబట్టకండి.

నిర్ధారణకు కావలసింది డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తం పారడాన్ని చూపే అల్ట్రాసౌండ్. ప్రోబ్‌తో నొక్కినప్పుడు మామూలు సిర కాగితంలా చదునైపోతుంది, గడ్డ ఉన్న సిర నొక్కుడు పడదు. గజ్జ, తొడ, మోకాలి వెనక భాగం ఇలా బాగా తెలుస్తాయి. మెడ ఎముక కిందా ఛాతీ లోపలా ఉన్న సిరలను ఎముక అడ్డు వల్ల నొక్కలేరు. అక్కడ స్కాన్ మామూలుగా ఉందన్నా అనుమానం పోకపోతే సీటీ లేదా ఎంఆర్ వెనోగ్రామ్ (సిరల చిత్రం తీసే స్కాన్) అడుగుతారు. గడ్డ విరిగినప్పుడు రక్తంలో చేరే పదార్థాన్ని కొలిచే డి-డైమర్ పరీక్ష ఒక్కదాన్ని నమ్మి పిల్లల్లో గడ్డ ఉందనీ లేదనీ తేల్చకూడదు. జ్వరం, చీము, ఆపరేషన్, దేనివల్లయినా అది పెరుగుతుంది.

మందు మొదలుపెట్టే ముందు రక్తం తీయాలి: సీబీసీ (రక్తకణాల లెక్క), పీటీ, ఏపీటీటీ, ఫైబ్రినోజన్ (రక్తం గడ్డకట్టే తీరు చూసేవి), క్రియాటినిన్ (మూత్రపిండాల పని చూసేది), కాలేయం పరీక్షలు. నీలం మూత ట్యూబులో రక్తం గీత వరకు నిండాలి. సగం నింపితే ట్యూబులో గడ్డకట్టకుండా వేసి ఉంచే సిట్రేట్ ఎక్కువై ఫలితం తప్పుతుంది. ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీత్రాంబిన్ (రక్తం గడ్డకట్టడాన్ని అదుపు చేసే శరీరపు సొంత ప్రొటీన్లు) లాంటి ఖరీదైన పరీక్షలకు మొదటి రోజే డబ్బు పోయనక్కర్లేదు. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు అవి వాడుకైపోయి సహజంగానే తగ్గి కనపడతాయి, లేని వంశపారంపర్య జబ్బు ఉన్నట్టు కాగితం మీద పడుతుంది. పుట్టిన రోజుల్లోనే చర్మం మీద నల్లని మచ్చలు పరుచుకుంటున్న శిశువు సంగతి వేరు, అక్కడ ఆలస్యం చేయకూడదు.

ఏ మందు, ఎంత

ఈ మందులను "రక్తం పల్చబడే మందులు" అంటాం కానీ రక్తం పల్చబడదు, ఉన్న గడ్డా వాటితో కరగదు. కొత్త గడ్డ కట్టకుండా, ఉన్నది పెరగకుండా ఆపుతాయి. కరిగించే పని శరీరమే నిదానంగా చేసుకుంటుంది. అందుకే పది రోజులకు వాపు దిగగానే ఇంజెక్షన్ మానేస్తే మొదటికి వస్తుంది.

ఎక్కువ మంది పిల్లలకు మొదలుపెట్టేది ఎనాక్సాపరిన్, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. రెండు నెలలు దాటినవాళ్లకు కిలోకు 1 మి.గ్రా., రెండు నెలల లోపు శిశువులకు కిలోకు 1.5 మి.గ్రా., 12 గంటలకోసారి. చిన్నపిల్లలకు ఎక్కువ ఎందుకంటే, వాళ్ల శరీరం మందును త్వరగా బయటకు పంపేస్తుంది, యాంటీత్రాంబిన్ కూడా తక్కువ. ఆపరేషన్ దగ్గర్లో ఉన్నా, మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా డాక్టర్లు సాధారణ హెపారిన్‌ను డ్రిప్‌లో పెడతారు. ఏడాది లోపు పిల్లలకు గంటకు కిలోకు 28 యూనిట్లు, ఆ పైన 20 యూనిట్లతో మొదలుపెట్టి ఏపీటీటీ చూసి సరిచేస్తారు. డ్రిప్ ఆపితే కొన్ని గంటల్లో ప్రభావం పోతుంది, అదే దాని సౌకర్యం. ఆ డ్రిప్ నడుస్తున్న చేతి నుంచి మాత్రం రక్తం తీయనివ్వకండి, ఫలితం తప్పు వస్తుంది.

ఈ అంకెలు మీరు మందు మార్చుకోవడానికి కాదు. డిశ్చార్జ్ కాగితం మీద రాసిన మోతాదు మీ పిల్లాడి బరువుకు సరిపోతోందో లేదో ఒకసారి గుణించి చూడటానికి. 12 కిలోల పిల్లకి 12 మి.గ్రా. రావాలి. 120 అని ఉన్నా, పూటకెంతో రాయకుండా "0.4 సిరంజి" అని మాత్రమే ఉన్నా బిల్లు కట్టేలోపే అడగండి.

సిరంజి దగ్గరే తప్పు జరిగేది

మార్కెట్‌లో దొరికే నింపిన సిరంజిలు పెద్దవాళ్ల కొలతలు: 20, 40, 60, 80 మి.గ్రా. అన్నిటిలోనూ 0.1 మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. 20, 40 వాటి మీద కొలత గీతలు ఉండవు. కాబట్టి 12 మి.గ్రా. పిల్లకి "40 దాంట్లో మూడో వంతు నొక్కండి" అని ఎవరైనా చెబితే వినకండి, కంటితో మూడో వంతు తేలదు.

చిన్న మోతాదులకు అందరూ వాడేది ఇన్సులిన్ సిరంజి. యు-100 సిరంజిలో ఒక్కో యూనిట్ 0.01 మి.లీ., అంటే సరిగ్గా 1 మి.గ్రా. కొన్ని సిరంజిల్లో ఒక్కో గీత రెండు యూనిట్లు, కాబట్టి గీతలు కాదు, అంకెలు చూసి లాగండి. 12 మి.గ్రా.కి 12 యూనిట్లు, లెక్క సులువు. ఇబ్బందేమిటంటే మన మందుల షాపుల్లో యు-40 సిరంజిలు కూడా అంతే మామూలుగా దొరుకుతాయి. దాని ఒక్కో గీతా 0.025 మి.లీ. అందులో 12 గీతలు లాగితే వచ్చేది 0.3 మి.లీ., అంటే 30 మి.గ్రా. రెండున్నర రెట్లు. యు-40కి ఎర్ర మూత, యు-100కి నారింజ మూత. ట్యూబ్‌లైట్ వెలుగులో ఈ రెండు రంగులూ ఒకేలా కనపడతాయి కాబట్టి మూతను నమ్ముకోకుండా సిరంజి ఒంటి మీద అచ్చేసిన అంకె చదవండి. కొనేటప్పుడు ఒకేసారి పది తెచ్చుకుని, ఇంట్లో ఎవరికైనా సుగరు ఉంటే వాళ్ల సిరంజిల డబ్బాకు దూరంగా పెట్టండి. ఫ్రిజ్ పైన రెండు రకాలూ ఒకే గిన్నెలో ఉన్న ఇల్లు ప్రమాదంలో ఉన్నట్టే.

రెండో చోటు గాలి బుడగ. 6 మి.గ్రా. తీసుకునే శిశువుకు సిరంజిలో రెండు యూనిట్ల బుడగ మిగిలితే మూడో వంతు మందు తగ్గిపోయింది. సూది పైకి పెట్టి గోటితో రెండుసార్లు తట్టి బుడగను పైకి తెప్పించి నెట్టేయండి, తగ్గినంత మళ్లీ లాగండి. నింపిన సిరంజి మొత్తం ఇచ్చే పెద్ద పిల్లలకు మాత్రం ఇది తిరగేసి ఉంటుంది: అందులోని చిన్న బుడగను బయటకు నెట్టకూడదు, నెడితే మందు కూడా పోతుంది.

మళ్లీ మళ్లీ లాగుకునే 3 మి.లీ. వయల్ దొరికితే చిన్నపిల్లలకు అనువు. తెరిచిన తేదీ దాని మీద పెన్నుతో రాయండి, 28 రోజులు దాటితే పారేయండి. నవజాత శిశువులకు ఆ వయల్ వద్దు. అందులో నిల్వ కోసం వేసే బెంజైల్ ఆల్కహాల్ వాళ్లకు పడదు. మందును 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి, ఎండ తగిలే కిటికీ గట్టు, వంటగది అర పనికిరావు. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకడితే అది వాడకానికి పోయినట్టే.

ఇంజెక్షన్ ఇవ్వడం

సమయం ముందే ఖాయం చేసుకోండి, ఉదయం 8, రాత్రి 8 బాగుంటుంది. చేతులు కడుక్కోండి. నడుము పక్కన బొడ్డుకు కనీసం నాలుగు వేళ్ల దూరంలో, లేదా తొడ ముందు బయటి వైపు చోటు ఎంచుకోండి. వాచిన కాలు వద్దు. నిన్న కుడి అయితే ఇవాళ ఎడమ. స్పిరిట్ దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద గుచ్చితే మంట పుట్టి పిల్ల రెండోసారికి ఒప్పుకోదు. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మడతపెట్టి పట్టుకుని సూది నిలువుగా దింపండి. బక్కపలచటి శిశువుకు కాస్త వాలుగా. నెమ్మదిగా మందు నెట్టి, పది లెక్కపెట్టి, సూది తీశాకే మడత వదలండి. తర్వాత దూదితో ఒత్తి పట్టుకోండి, రుద్దకండి. రుద్దితే అక్కడ నల్లగా కమిలిపోతుంది. చిన్న నీలం మచ్చ మామూలే. గట్టి ఉండ తగిలితే అక్కడ మళ్లీ ఇవ్వకండి, కండలోకి సూది పోయిందేమో చూపించండి.

వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, తర్వాతి సారి ఆసుపత్రికి తీసుకెళ్లి ఇచ్చేయండి. మున్సిపల్ చెత్తబండిలో వేస్తే గుచ్చుకునేది చెత్త ఏరే మనిషికి.

పూట మరిచిపోతే: రెండు గంటల్లోపు గుర్తొస్తే ఇచ్చేయండి. అంతకన్నా ఆలస్యమైతే వార్డుకు ఫోన్ చేసి అడగండి. ఒక్కటి మాత్రం ఎప్పుడూ వద్దు, రెండు పూటల మందు కలిపి ఇవ్వడం.

పరీక్ష ఎప్పుడు, ఎందుకు

ఎనాక్సాపరిన్ సరిపోతోందో లేదో తెలియడానికి యాంటీ టెన్-ఏ అనే పరీక్ష. ఇంజెక్షన్ ఇచ్చిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయాలి, ఫలితం 0.5 నుంచి 1.0 మధ్య ఉండాలి. ఉదయం 8కి ఇస్తే పన్నెండు, రెండు మధ్యలో. ఇంజెక్షన్ ఇవ్వకముందే పొద్దున్నే లాబ్‌కు పోయి తీయించుకుంటే అంకె తక్కువ వస్తుంది, డాక్టర్ మోతాదు పెంచేస్తారు, అప్పుడు అసలు ప్రమాదం. కాబట్టి రిపోర్టు మీద ఇంజెక్షన్ సమయం, రక్తం తీసిన సమయం రెండూ రాయించండి. ఈ పరీక్ష అన్ని లాబుల్లో చేయరు, ముందు ఫోన్ చేసి ఏ రోజుల్లో చేస్తారో కనుక్కుని వెళ్లండి.

ఆస్పరాజినేజ్ తీసుకుంటున్న పిల్లలకు, నెఫ్రోటిక్ పిల్లలకు యాంటీత్రాంబిన్ తగ్గిపోతుంది, హెపారిన్ జాతి మందులన్నీ దాని భుజం మీదే పనిచేస్తాయి. మోతాదు పెంచినా అంకె కదలకపోతే కారణం అదేనేమో అడగండి.

శిశువు మొదటి మూడు నెలల్లో నెలకు ముప్పావు కిలో దాకా పెరుగుతుంది. డిశ్చార్జ్ నాటి మోతాదు నెల తర్వాత చాలదు. ప్రతి విజిట్‌లో కొత్త బరువు తూయించి కాగితం మీద రాయించడం మీ పని అనుకోండి. రద్దీ ఓపీలో ఎవరూ గుర్తు చేయరు.

ఇంజెక్షన్ నుంచి మాత్రకు

గడ్డ పెరగకుండా నోటితో ఇచ్చే రివరాక్సబాన్, డాబిగట్రాన్ రెండూ ఇప్పుడు పిల్లలకూ ఇస్తున్నారు. అమెరికాలో 2021లో రెండింటికీ అనుమతి వచ్చింది. ముందు కనీసం ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాకే వీటికి మారతారు. రివరాక్సబాన్ అన్నం తిన్నాకో పాలు పట్టాకో ఇవ్వాలి, ఖాళీ కడుపుకైతే సరిగా ఒంటబట్టదు. 12 నుంచి 30 కిలోల లోపు వాళ్లకు 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 30 నుంచి 50 లోపు వాళ్లకు 15 మి.గ్రా. ఒకసారి, ఆ పైన 20 మి.గ్రా. ఒకసారి. 12 కిలోల లోపు పిల్లలకు మోతాదు చాలా చిన్నది, రోజుకు మూడుసార్లు. పెద్దల మాత్రను కత్తితో ముక్కలు చేసి పొడి కలిపి ఇవ్వకండి. ఇచ్చిన అరగంటలోపు వాంతి అయితే మళ్లీ ఇవ్వొచ్చు, అరగంట దాటితే వద్దు. డాబిగట్రాన్ క్యాప్సూల్‌ను విప్పి పొడి పాలలో కలపకూడదు, మందు ఒక్కసారిగా ఎక్కువ ఒంటబడుతుంది. అది తేమకు చెడిపోతుంది కూడా. మన సముద్రపు గాలిలో పోపుల డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది, కాబట్టి అసలు ప్యాకెట్ లోంచి తీసి మాత్రల డబ్బాలో ముందే సర్దిపెట్టకండి.

వార్ఫరిన్ మాత్ర అయితే సుమారు కిలోకు 0.2 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే అంకె) 2 నుంచి 3 మధ్యకు తెస్తారు. కనీసం ఐదు రోజులు గడిచి, ఐఎన్‌ఆర్ వరసగా రెండు రోజులు 2 దాటాకే ఇంజెక్షన్ ఆపుతారు. వార్ఫరిన్‌కు ఎదురు పనిచేసే విటమిన్ కె ఉందని గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు మానక్కర్లేదు. ఒక వారం అస్సలు లేకుండా, మరో వారం రోజూ అలా కాకుండా వారానికి ఒకే లెక్కలో పెట్టండి. ఐఎన్‌ఆర్ తిరగబడేది ఆకుకూర తిన్నందుకు కాదు, తినే లెక్క మారినందుకు. డబ్బాపాలలో విటమిన్ కె వేస్తారు, తల్లిపాలలో తక్కువ. పాలు మార్చే రోజు డాక్టరుకు చెప్పండి.

షాపులో ఇంకో ఉచ్చు ఉంది. వార్ఫరిన్ లేదంటే "ఎసిట్రామ్ ఉంది, అదీ ఇదే" అని చేతిలో పెడతారు. ఎసిట్రామ్ అంటే ఎసినోకౌమరాల్, అదే కుటుంబం గానీ మి.గ్రా.కు మి.గ్రా. సమానం కాదు. వార్ఫరిన్ 2 బదులు ఎసిట్రామ్ 2 వేస్తే ఐఎన్‌ఆర్ పైకి లేచిపోతుంది. లేకపోతే వేరే షాపుకు వెళ్లండి.

మందు మీద ఉన్నన్నాళ్లూ

నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ మాత్రమే. ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దు. ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లినా ముందు ఇదే చెప్పండి, కండ ఇంజెక్షన్లు వద్దని కూడా. టీకాలు మానకండి, సన్న సూదితో వేసి రెండు నిమిషాలు ఒత్తి పట్టమనండి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ మొదలుపెడితే వార్ఫరిన్, రివరాక్సబాన్ రెండూ బలహీనపడతాయి. కోట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్ ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి.

వానాకాలంలో జ్వరం వస్తే రెండో రోజే ప్లేట్‌లెట్లు చూపించండి. డెంగీలో అవి పడిపోతాయి, పైనుంచి ఈ మందు ఉంటే రక్తస్రావానికి రెండు దారులు తెరిచినట్టు. 50,000 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలో ఆపాలో డాక్టర్ నిర్ణయించాలి. హెపారిన్ మొదలైన ఐదు నుంచి పది రోజుల్లో ప్లేట్‌లెట్లు సగానికి పడితే అది హెపారిన్ వల్లే కావచ్చు, అప్పుడు ఆ జాతి మందే మార్చాలి.

లుకీమియా పిల్లలకు వెన్నులో సూది వేసే రోజు ముందు 24 గంటలు ఎనాక్సాపరిన్ ఆపాలి, అంటే రెండు మోతాదులు. ఆపమని చెప్పడం వార్డు బాధ్యతే, కానీ సూది తేదీ తెలియగానే మీరే అడిగేయండి. పన్ను పీకించాలన్నా అంతే.

వయసొచ్చిన అమ్మాయికి నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు, ప్యాడ్ గంటకొకటి తడిసిపోతే ఆగకుండా చూపించండి. పూజలకూ పెళ్లిళ్లకూ నెలసరి వాయిదా వేసే మాత్రలు ఈ పిల్లలకు ఇవ్వొద్దు. వాటిలోని హార్మోన్ కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది, గడ్డను పిలిచి కూర్చోబెట్టినట్టు.

తలకు గట్టి దెబ్బ, ఆగని తలనొప్పితో వాంతులు, నల్లని విరేచనం, ఎర్రని మూత్రం, పది నిమిషాలు ఒత్తినా ఆగని ముక్కు రక్తం ఉంటే నేరుగా క్యాజువాలిటీకి. వెళ్లగానే మందు పేరు, చివరి మోతాదు ఇచ్చిన గంట చెప్పండి. ఎనాక్సాపరిన్‌కు ప్రొటమిన్ విరుగుడు కొంతవరకే పనిచేస్తుంది, అదీ ఎనిమిది గంటల లోపైతే మంచిది.

మంచం మీద కట్టిపడేయకండి. మందు మొదలై నొప్పి తగ్గాక నడవడమే మంచిది. కబడ్డీ, లెదర్ బంతి క్రికెట్ మాత్రం ఆపాలి.

ఎప్పుడు ఆపాలి

లైన్ వల్ల, ఆపరేషన్ వల్ల, చీము వల్ల వచ్చిన గడ్డకు ఎక్కువగా మూడు నెలలు. 2022లో వచ్చిన కిడ్స్-డాట్ అధ్యయనం ప్రకారం ఇలాంటి మొదటి గడ్డల్లో, ఆరు వారాలకు సిర పూర్తిగా మూసుకుపోయి లేని పిల్లలకు ఆరు వారాలు చాలు. కారణం దొరకని గడ్డకు 6 నుంచి 12 నెలలు. సెంట్రల్ లైన్ అవసరం తీరితే మందు మొదలైన కొన్ని రోజుల తర్వాత తీస్తారు, మొదటి రోజే లాగేస్తే అంచున ఉన్న గడ్డ ముక్క కదలొచ్చు. లైన్ పనిచేస్తూ, అవసరం ఉంటే ఉంచేస్తారు.

ఆరు వారాలకు, మూడు నెలలకు డాప్లర్ మళ్లీ చేయించండి. పాత ఫిల్ములు, రిపోర్టులు అన్నీ వెంట తీసుకెళ్లండి. ఇప్పుడు కనపడే గడ్డ కొత్తదా, పాత మచ్చా అన్నది పాతవాటితో పోల్చితేనే తేలుతుంది. మందు ఆపాక కూడా సాయంత్రాలు కాలు బరువెక్కడం, చీలమండ దగ్గర వాపు, పొట్ట కింది చర్మం మీద కొత్త సిరలు తేలడం మొదలైతే కాలిని ఒత్తి పట్టే, కొలత తీసిన మేజోళ్లు వాడాల్సి రావచ్చు. ఎప్పుడైనా ఎముక విరిగి సిమెంటు కట్టు వేసినా, పెద్ద ఆపరేషన్ ఉన్నా అక్కడి డాక్టరుకు "వీడికి ఫలానా సంవత్సరం ఫలానా సిరలో గడ్డ కట్టింది" అని ముందే చెప్పాలి. అందుకు మొదటి డాప్లర్ రిపోర్టు ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి, సిర పేరు ఆ కాగితం మీదే ఉంటుంది.